మాట నిలుపుకున్న ఆటగాడు

టోవా పాయో అంటే 'పెద్ద చిత్తడినేల' అని మీ పెద్దలు చెప్పగా వినే ఉంటారు. ఒకనాటి ఆ చిత్తడినేల మీదనే నేడు మీ ఇళ్ళు, బడులు, అంగళ్ళు వెలిశాయి. 1973వ సంవత్సరంలో ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడలు సింగపూరులో జరిగినప్పుడు, పలు దేశాల నుంచి వచ్చిన క్రీడాకారులకు ఇక్కడి కొత్త ఇళ్ళలోనే విడిది ఏర్పాటు చేశారు. ఆ మరుసటి సంవత్సరమే టోవా పాయో స్టేడియాన్ని తెరిచారు. కనుక ఆటల గొప్పతనం గురించి ఈ పేటవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయినా మీలో బంతాట అంటే ప్రాణం పెట్టేవారికి ఒక చిక్కు తప్పదు. బ్లాకు కింది వాయిడ్ డెక్కులో బంతి తన్నరాదని గోడమీద పలక ఉంటుంది. ఇంట్లోకి వస్తే, "ముందు చదువు, తరువాతే ఆట" అని అమ్మ అంటుంది. పరీక్షలు దగ్గరపడితే ఆ 'తరువాత' అనేది ఎప్పటికీ రాదు. ఆటా? చదువా? ఏది పట్టుకోవాలి? ఏది వదలుకోవాలి?

ఈ ప్రశ్న ఒక మనిషికి చాలా పెద్ద రూపంలో ఎదురైంది. అప్పటికి ఆయన స్వతంత్ర భారతదేశం ఒలింపిక్ క్రీడలకు పంపిన తొలి ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు. అదే సమయంలో వైద్య కళాశాలలో విద్యార్థి కూడా. ఆయన పేరు తాలిమెరెన్ ఆవో. లోకం ఆయనను డాక్టర్ టి. ఆవో అని పిలుచుకున్నది. ఆయన కథ ఈ పాఠంలో తెలుసుకుందాం.

కొండ మీది ఊరు

భారతదేశపు పటంలో ఈశాన్య మూలను చూడండి. అస్సాం మైదానానికి, బర్మా దేశానికి నడుమ నాగా కొండలు కనిపిస్తాయి. నేటి నాగాలాండ్ రాష్ట్రం అదే. ఆ రోజుల్లో ఆ కొండలు అస్సాం రాష్ట్రంలో ఒక భాగం. నాగాలు ఒకే తెగ కాదు. వారిలో అనేక తెగలున్నాయి. వాటిలో 'ఆవో' ఒకటి. తాలిమెరెన్ పేరు చివర ఉన్నది ఆ తెగ పేరే.

తాలిమెరెన్ 1918వ సంవత్సరం జనవరి 28వ తేదీన చాంగ్కీ అనే గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం నేటి మొకోక్‌చుంగ్ జిల్లాలో ఉన్నది. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. ఇంటినిండా పిల్లలు. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం ఇంపుర్ అనే చోట మిషనరీల ఆవరణలోకి వచ్చి స్థిరపడింది. అక్కడ బడి ఉన్నది. బడి పక్కన ఆటస్థలమూ ఉన్నది. కాని బంతి ఎక్కడిది? కొండ మీది పల్లెకు తోలుబంతి వచ్చే దారి లేదు. పిల్లలు పాతగుడ్డలను ఉండగా చుట్టి బిగించి కట్టి, దానినే తన్నుకునేవారు. మన పల్లెల్లో మీ తాతలు ఆడిన గుడ్డబంతి వంటిదే అది కూడా. బూట్ల మాట ఎవరికీ తెలియదు. గరుకు నేల మీద ఉత్త కాళ్ళతో గుడ్డబంతిని అదుపు చేయడం నేర్చిన పిల్లవాడికి తోలుబంతి దొరికిన నాడు కష్టమేముంటుంది? తాలిమెరెన్ ఆట అలా మొదలైంది.

తండ్రి చివరి కోరిక

1935వ సంవత్సరంలో ఆ ఇంటి మీద పిడుగు పడింది. తండ్రికి టైఫాయిడ్ జ్వరం వచ్చింది. ఆయన దానినుంచి కోలుకోలేదు. అప్పటికి తాలిమెరెన్‌కు పదిహేడేళ్ళు.

టైఫాయిడ్ గురించి ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. అది ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జ్వరం. రోగి మలంలోని సూక్ష్మజీవులు నీటిలోనో ఆహారంలోనో కలిసి మరొకరి కడుపులో చేరితే వారికీ ఆ జబ్బు వస్తుంది. జ్వరం వారాల తరబడి విడువదు. పేగులకు పుండ్లు పడతాయి. 1935లో ఆ సూక్ష్మజీవిని చంపే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. రోగిని కనిపెట్టుకొని ఉండి, శరీరం తనంతట తానే గెలుస్తుందని ఎదురుచూడటమే వైద్యం. పట్టణాల్లోనే అటువంటి పరిస్థితి అయితే, వైద్యుడే అరుదైన కొండ ఊళ్ళ సంగతి వేరే చెప్పాలా?

తాలిమెరెన్ వైద్యుడు కావాలనీ, తమ నాగా ప్రజలకు సేవ చేయాలనీ ఆ తండ్రి చనిపోయే ముందు కోరాడు. కొడుకు ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో అది సాధ్యమని ఎవరూ అనుకొని ఉండరు. పెద్ద కుటుంబం; సంపాదించే పెద్దదిక్కు పోయాడు; వైద్య కళాశాల ఉన్నది ఎక్కడో దూరాన కలకత్తాలో. కాని ఒక మాట ఇచ్చిన తరువాత, అది తేలికా కష్టమా అని లెక్కవేయడం ఆయనకు తెలియదు.

కలకత్తాలో

తాలిమెరెన్ కొండలు దిగి జోర్హాట్‌లో ఉన్నత పాఠశాల చదువు, గౌహతిలోని కాటన్ కళాశాలలో పై చదువు చదివాడు. గౌహతిలో మహారాణా క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. అక్కడ శరత్ దాస్ అనే ఆటగాడితో స్నేహం కలిసింది. ఈ స్నేహమే తరువాత ఆయనను పెద్ద మైదానాలకు చేర్చింది.

1942లో ఆయనకు కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో ప్రవేశం లభించింది. 1948 నుంచి ఆ కళాశాలనే ఆర్.జి. కర్ వైద్య కళాశాల అని పిలుస్తున్నారు. మరుసటి ఏడు, అంటే 1943లో, ఆయన మోహన్ బగాన్ క్లబ్బులో చేరాడు. అది 1889లో వెలసిన క్లబ్బు. 1911లో ఆ క్లబ్బు ఆటగాళ్ళు దాదాపు అందరూ ఉత్త కాళ్ళతోనే ఆడి, బూట్లు తొడిగిన ఆంగ్ల సైనికుల జట్టును 2–1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచారు. పరాయి పాలనలో ఉన్న దేశానికి ఆ విజయం ఎంతో ధైర్యాన్నిచ్చింది. అటువంటి క్లబ్బులో చోటు దొరకడమే గొప్ప. ఆవో కొంతకాలానికి దానికి నాయకుడు కూడా అయ్యాడు. ఆయన మైదానం నడుమ నిలబడి ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే ఆటగాడు. గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు తక్కువమందికే గుర్తుంటుంది. ఆవో ఆ రెండవ పనిని ఎంచుకున్నాడు.

ఆ సంవత్సరాలు కలకత్తాకు మంచి రోజులు కావు. 1942 డిసెంబరులో జపాను విమానాలు ఆ నగరం మీద బాంబులు వేశాయి. 1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చి లక్షలాది మంది మరణించారు. 1946లో మత కల్లోలాలు చెలరేగాయి. 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. దానితోపాటు దేశ విభజన కూడా వచ్చింది. ఇటువంటి నగరంలో ఒక విద్యార్థి శరీర నిర్మాణ శాస్త్రం చదువుతూ, ఆసుపత్రి వార్డులలో పని నేర్చుకుంటూ, వేలాది ప్రేక్షకుల ముందు పోటీలు ఆడాడు. 1942లో చేరినవాడికి వైద్య పట్టా చేతికి వచ్చేసరికి 1950 అయింది. నడుమ ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన రెండింటిలో దేనినీ విడిచిపెట్టలేదు.

లండను మైదానం

1948వ సంవత్సరం జూలై 29వ తేదీన లండను నగరంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యాయి. యుద్ధం వల్ల పన్నెండేళ్ళు ఆగిపోయి తిరిగి జరుగుతున్న క్రీడలవి. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ప్రారంభోత్సవంలో మువ్వన్నెల జెండా పట్టుకొని భారత క్రీడాకారుల ముందు నడిచినవాడు తాలిమెరెన్ ఆవో. గుడ్డబంతి తన్నిన కొండ పిల్లవాడి చేతిలో స్వతంత్ర దేశపు జెండా! ఆనాటి తండ్రి చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో ఊహించండి.

రెండు రోజుల తరువాత, జూలై 31న, భారత జట్టు ఫ్రాన్సు జట్టుతో తలపడింది. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది కాళ్ళకు బూట్లు లేవు. మొదటి గోల్ ఫ్రాన్సు కొట్టింది. ద్వితీయార్ధంలో బెంగుళూరు ఆటగాడు రామన్ గోల్ కొట్టి స్కోరును సమం చేశాడు. రెండు పెనాల్టీ కిక్కులు లభించాయి, కాని రెండూ గోల్ కాలేదు. చివరి నిమిషాల్లో ఫ్రాన్సు మరో గోల్ కొట్టి 2–1తో గెలిచింది. ఓడినా, ఇంగ్లండు ప్రేక్షకులు భారత జట్టు ఆటను మెచ్చుకున్నారు.

బూట్లు లేకుండా ఎందుకు ఆడారని అక్కడి విలేకరులు నాయకుణ్ణి అడిగారట. "మేము ఆడేది ఫుట్‌బాల్; మీరు ఆడేది బూట్‌బాల్" అని ఆవో నవ్వుతూ జవాబిచ్చాడని చెప్పుకుంటారు. అది ఎంతో చమత్కారమైన మాట. అయితే చమత్కారం ఒకటి, వాస్తవం ఒకటి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో చలినేల మీద ఉత్త కాళ్ళతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. ఆ తరువాతనే భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి చేశారు. ఆ మార్పును నడిపించిన శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారతదేశం 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు గెలుచుకున్నది. తప్పు ఎక్కడున్నదో చూసి దిద్దుకోవడం కూడా ఆటలో భాగమే.

రెండు దారులు

లండనులో ఉండగానే ఆవోకు గొప్ప అవకాశం వచ్చిందని చెబుతారు. ఆ ఏడాది ఇంగ్లండు లీగులో ప్రథమ స్థానం పొందిన ఆర్సెనల్ క్లబ్బు, తమ తరఫున ఒక సంవత్సరం ఆడమని ఆయనను ఆహ్వానించిందట.

దీని విలువ అర్థం కావాలంటే ఒక తేడా గ్రహించాలి. జీతం పుచ్చుకొని ఆటనే బ్రతుకుతెరువుగా చేసుకున్నవాడు వృత్తి ఆటగాడు. ఇష్టంకొద్దీ ఆడి, బ్రతుకుతెరువుకు వేరే పని చూసుకునేవాడు ఔత్సాహిక ఆటగాడు. ఇంగ్లండులో ఆటగాళ్ళకు జీతం ఇవ్వడం 1885లోనే నియమబద్ధమైంది. భారతదేశంలో ఆ రోజుల్లో ఎంత గొప్ప ఆటగాడైనా ఏ రైల్వేలోనో, కార్యాలయంలోనో ఉద్యోగం చేస్తేనే ఇల్లు గడిచేది. ఆనాటికి ఒలింపిక్స్‌లో ఔత్సాహికులకే ప్రవేశం. కాబట్టి ఆర్సెనల్ పిలుపు అంటే, అంతవరకు ఏ కొద్దిమంది భారతీయులకో తప్ప అందని తలుపు తెరుచుకోవడమే.

ఆవో ఆ తలుపు ముందు నిలబడి, వెనుదిరిగాడు.

తప్పు చేశాడా? మీరే ఆలోచించండి. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫై. ఫుట్‌బాల్ ఆటగాడికి ముప్ఫై అంటే సాయంకాలం. వైద్యుడికి ముప్ఫై అంటే తెల్లవారుజాము. ఇంకా పట్టా చేతికి రాలేదు. ఏడాది ఆగితే చదువు వెనుకబడుతుంది. ఒక ఏడాది రెండేళ్ళవుతుంది, రెండేళ్ళు అలవాటవుతుంది. ఇటు చూస్తే పేరు, జీతం, లండను మైదానాలు. అటు చూస్తే పదమూడేళ్ళ కిందట చనిపోయిన ఒక మనిషి కోరిక. అడిగినవాడు లేడు. మాట తప్పితే నిలదీసేవారూ లేరు. అయినా ఆయన ఆ మాటనే పట్టుకున్నాడు. ఎవరూ చూడనప్పుడు నిలుపుకున్న మాటే అసలైన మాట.

డాక్టర్ ఆవో

1950లో ఆవో ఎం.బి.బి.ఎస్. పట్టా పొందాడు. డిబ్రూగఢ్‌లోని అస్సాం వైద్య కళాశాలలో చెవి, ముక్కు, గొంతు వ్యాధుల విభాగంలో పనిచేశాడు. 1953లో కోహిమా ఆసుపత్రిలో వైద్యుడిగా చేరాడు.

కోహిమా పేరు సింగపూరు చరిత్రతో ముడిపడినది. 1943లో నేతాజీ సుభాస్ చంద్రబోస్ సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని స్థాపించాడు. ఆ ప్రభుత్వపు సైనికులు జపాను సేనలతో కలిసి 1944లో ఇంఫాల్, కోహిమా సీమల దాకా నడిచారు. ఆ ఏడు జరిగిన పోరులో కోహిమా పట్టణం నేలమట్టమైంది. అంతటి యుద్ధం జరిగి పదేళ్ళు కూడా నిండని చోట, రాజకీయ కల్లోలం తిరిగి తలెత్తుతున్న సమయంలో, డాక్టర్ ఆవో వైద్యం మొదలుపెట్టాడు. నాగా గ్రామాలు సాధారణంగా కొండ శిఖరాల మీద ఉంటాయి. అటువంటి చోట రోగి వైద్యుణ్ణి చేరడమే సగం యుద్ధం.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఆవో లండనులో బంతి ఆడిన 1948వ సంవత్సరంలోనే, మీకు పొరుగున ఉన్న కౌలాలంపూరులో కొందరు అమెరికా, మలయా వైద్యులు ఒక కొత్త మందును టైఫాయిడ్ రోగులకు ఇచ్చి చూశారు. దాని పేరు క్లోరాంఫెనికాల్. వారాల తరబడి విడువని జ్వరం కొద్ది రోజుల్లో దిగిపోయింది. టైఫాయిడ్‌ను జయించే మందు ఉన్నదని లోకానికి తెలిసింది అప్పుడే. అంటే, తండ్రిని బలిగొన్న వ్యాధికి మందు దొరికిన కాలంలోనే కొడుకు వైద్యుడయ్యాడు. తండ్రి కాలంలో వైద్యుడు వచ్చినా చేయగలిగింది తక్కువ. కొడుకు కాలంలో మందు ఉన్నది; దానిని కొండ మీదికి చేర్చే మనిషి కావలసి వచ్చింది. కుప్పీలో ఉన్న మందు తనంతట తాను కొండ ఎక్కదు కదా!

1963 డిసెంబరు 1న నాగాలాండ్ ప్రత్యేక రాష్ట్రమైంది. డాక్టర్ ఆవో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖకు సంచాలకుడుగా పనిచేసి 1978లో పదవీ విరమణ చేశాడు. 1998 సెప్టెంబరులో, ఎనభై ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. ఆయన పేరిట ఈశాన్య రాష్ట్రాల జట్లకు ఫుట్‌బాల్ పోటీలు నిర్వహించారు. అస్సాంలో ఒక క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు.

మరొక సమాధానం

ఒకే ప్రశ్నకు అందరూ ఒకే సమాధానం చెప్పాలని లేదు. బ్రెజిల్ దేశంలో 1954లో పుట్టిన సోక్రటీస్ వృత్తి ఆటగాడుగా ఉంటూనే వైద్య విద్య పూర్తి చేశాడు. 1982 ప్రపంచ కప్పులో బ్రెజిల్ జట్టుకు నాయకత్వం వహించాడు. ఆట మానిన తరువాత వైద్యం చేశాడు. ఆయన ముందు ఆటను బ్రతుకుతెరువు చేసుకొని, తరువాత రోగుల దగ్గరికి వెళ్ళాడు. ఆవో బ్రతుకుతెరువుగా మారకముందే ఆటను దాటి వెళ్ళాడు. సోక్రటీస్ దేశంలో వైద్యులు ఇంకా ఉన్నారు. ఆవో కొండలలో వైద్యులు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. దారిని ఎంచుకునేటప్పుడు మనకు ఏది ఇష్టమో చూసుకోవడం సహజం. మన అవసరం ఎక్కడ ఎక్కువగా ఉన్నదో చూసుకోవడం గొప్ప.

విద్యార్థులారా! ఆవో ఆటను చిన్నచూపు చూడలేదు. ఆటే ఆయనకు కష్టానికి ఓర్చుకోవడం, ఓటమిని నవ్వుతూ తట్టుకోవడం, పదిమందిని కూడగట్టుకోవడం నేర్పింది. మైదానం నడుమ నిలబడి ఎదుటివారి దాడిని అడ్డుకున్నవాడే, ఆసుపత్రిలో నిలబడి రోగాన్ని అడ్డుకున్నాడు. ఎదురు వచ్చేది మారింది. నిలబడిన మనిషి మారలేదు.

కొత్త మాటలు

విడిది = బయటి ఊరివారు దిగే చోటు
గరుకు = నునుపు లేనిది
పెద్దదిక్కు = కుటుంబాన్ని ఆదుకునే వ్యక్తి
ద్వితీయార్ధం = రెండవ సగం
ఔత్సాహికుడు = ఇష్టంకొద్దీ పనిచేసేవాడు
సంచాలకుడు = ఒక శాఖను నడిపే అధికారి
కుప్పీ = మందుసీసా

ప్రశ్నలు

1. ఇంపుర్‌లో పిల్లలు ఎటువంటి బంతితో ఆడేవారు? ఎందువల్ల?
2. టైఫాయిడ్ ఎలా వ్యాపిస్తుంది? 1935లో దానికి వైద్యం ఎందుకు కష్టమైంది?
3. వృత్తి ఆటగాడికి, ఔత్సాహిక ఆటగాడికి గల భేదమేమి?
4. "ముప్ఫై అంటే సాయంకాలం, ముప్ఫై అంటే తెల్లవారుజాము" — ఈ మాటలను వివరించండి.
5. ఆవో స్థానంలో మీరుంటే ఏ దారి ఎంచుకునేవారు? కారణాలతో పది వాక్యాలు రాయండి.

సొంత వాక్యాలలో ప్రయోగించండి: మాట నిలుపుకొను, వెనుదిరుగు, చిన్నచూపు చూచు, వేళ్ళమీద లెక్కపెట్టు.

చేయవలసిన పని: మీ తాతగారినో, అమ్మమ్మగారినో, నాయనమ్మగారినో అడిగి, వారి చిన్నతనంలో ఊరిలో జబ్బు చేస్తే వైద్యుడు ఎంత దూరంలో ఉండేవాడో తెలుసుకొని తెలుగులో ఒక పుట రాసుకొని రండి. తరగతిలో చదివి వినిపించండి.